పెద్దమ్మ సిటిజన్‌షిప్ పరీక్షకి నేనే ట్యూషన్ మాస్టర్‌ని

ఇండియాలో ఏడాది పాటు నిశ్చింతగా ఉండాలంటే ఏం చెయ్యాలి? అమెరికా సిటిజన్ అయిపోవాలి.

జోక్ కాదండీ. మా పెద్దమ్మ సరిగ్గా ఈ కారణంతోనే 61 ఏళ్ల వయసులో పుస్తకం పట్టింది. ఆరేళ్ల కిందట అక్క స్పాన్సర్ చేస్తే పెద్దమ్మకీ పెదనాన్నకీ గ్రీన్‌కార్డులు వచ్చాయి. గ్రీన్‌కార్డ్ అంటే 'ఇక్కడ ఉండు' అని ఇచ్చిన కార్డు. ఆరు నెలలు దాటి బయట ఉంటే ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు మొదలవుతాయి. ముందే పర్మిట్ తీసుకోకుండా ఏడాది దాటితే కార్డుకే ఎసరు. తెనాలిలో ఇల్లుంది, చెల్లెళ్లున్నారు, కొబ్బరి చెట్లున్నాయి. వెళ్లిన ప్రతిసారీ ఐదో నెల రాగానే పెద్దమ్మకి నిద్ర పట్టదు. సిటిజన్ అయితే ఆ గోల లేదు. ఓసీఐ కార్డు తీసుకుంటే ఇండియాలో ఎన్నాళ్లయినా ఉండొచ్చు. అంటే ఊళ్లో ఎక్కువ రోజులు ఉండటానికి ఊరి పాస్‌పోర్టు వదులుకోవాలి. దీన్ని మా టీమ్‌లో చెప్తే 'ఇది బగ్గా, ఫీచరా' అని అడిగారు.

నేను ఆవిడకి ట్యూషన్ మాస్టర్‌ని ఎలా అయ్యానంటే, వీకెండ్ ఖాళీగా ఉండేది నేనొక్కడినే. అక్కకి ఇద్దరు పిల్లలు, ఆఫీసు. శనివారం పొద్దున్నే ట్రైనెక్కి జెర్సీ సిటీ నుంచి ఎడిసన్ వెళ్లేవాణ్ణి. ఫీజు పెసరట్టు, అల్లం పచ్చడి. అసలు ఫీజు సంగతి వేరు. ఎన్-400 అనే అప్లికేషన్ ఆన్‌లైన్‌లో వేస్తే 710 డాలర్లు. మన డబ్బుల్లో అరవై వేలు దాటింది. పెద్దమ్మ ఆ లెక్క విని, "ఫెయిలైతే వెనక్కిస్తారా?" అంది. ఇవ్వరు. కానీ తప్పిన భాగానికి 60 నుంచి 90 రోజుల్లోపు ఇంకో ఛాన్స్ ఇస్తారు.

గుళ్లో ఎవరో ఆవిడకి "అరవై దాటినవాళ్లకి తెలుగులోనే పరీక్ష, ఇంగ్లీషు అక్కర్లేదు" అని చెప్పారట. ఇది సగం నిజం. సగం నిజాలతోనే ఇమిగ్రేషన్‌లో ఎక్కువ మంది దెబ్బ తింటారు. వయసొక్కటే చాలదు, గ్రీన్‌కార్డ్ వచ్చి ఎన్నేళ్లయిందో కూడా చూస్తారు. 50 ఏళ్ల వయసుంటే కార్డు వచ్చి 20 ఏళ్లు, 55 ఉంటే 15 ఏళ్లు అయ్యుండాలి. అప్పుడు ఇంగ్లీషు మాఫీ, సివిక్స్ ప్రశ్నలు సొంత భాషలో అడుగుతారు. 65 దాటి, కార్డుకి 20 ఏళ్లయితే చదవాల్సిన ప్రశ్నలు కూడా ఇరవయ్యే. పెద్దమ్మ కార్డుకి ఆరేళ్లు. కాబట్టి చదవడం, రాయడం, మాట్లాడటం అన్నీ ఇంగ్లీషులోనే.

ఇంకో కన్ఫ్యూజన్ యూట్యూబ్‌ది. 2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసినవాళ్లకి కొత్త పరీక్ష. 128 ప్రశ్నలు చదవాలి, 20 అడుగుతారు, 12 కరెక్ట్ అవ్వాలి. అంతకు ముందు అప్లై చేసినవాళ్లకి పాతదే. 100 ప్రశ్నలు, పది అడుగుతారు, ఆరు చెప్తే పాస్. అక్క ఆగస్టులో వేసింది కాబట్టి పెద్దమ్మది పాత సిలబస్. కానీ ఆవిడ ఫోన్‌లో అల్గారిదం కొత్త పరీక్ష వీడియోలే వరసగా పెట్టేది. ఒక శనివారం వెళ్లేసరికి ముఖం వేలాడేసుకుని కూర్చుంది. "సగం ప్రశ్నలు మన నోట్సులో లేవురా!" మీ ఇంట్లో ఎవరైనా చదువుతుంటే ముందు చెయ్యాల్సిన పని ఇదే: అప్లై చేసిన తేదీ చూసి ఏ పరీక్షో తేల్చండి.

అప్లికేషన్‌లో నాకు నచ్చిన భాగం ప్రయాణాల లెక్క. గత ఐదేళ్లలో దేశం బయటికి వెళ్లిన ప్రతి ట్రిప్పూ రాయాలి, వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ. ఆ ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికాలో ఉన్నట్టు లెక్క తేలాలి. పాస్‌పోర్టులో స్టాంపులు, మెయిల్లో పాత టికెట్లు, పెదనాన్న డైరీ, మూడూ ముందేసుకుని ఎక్సెల్ షీట్ చేశాను. బయల్దేరిన రోజూ తిరిగొచ్చిన రోజూ అమెరికాలో ఉన్నట్టే లెక్కిస్తారు, ఇది చాలామందికి తెలీదు. ఒక ట్రిప్పు దగ్గర మాత్రం గుండె ఆగింది. పెదనాన్న వాళ్లమ్మ చివరి రోజుల్లో పెద్దమ్మ తెనాలిలోనే ఉండిపోయింది. 174 రోజులు. ఇంకో వారం ఆగుంటే ఆరు నెలలు దాటేది. దాటితే ఆ ఐదేళ్ల నివాసం తెగిపోయినట్టు భావిస్తారు, కాదని మనమే నిరూపించుకోవాలి. "దినకర్మ అయిన మూడో రోజే ఫ్లైటెక్కాను. అప్పుడు అందరూ ఏమనుకున్నారో" అంది పెద్దమ్మ. షీట్‌లో అది జస్ట్ ఒక వరస.

ఇక సివిక్స్. పెద్దమ్మ టెన్త్ వరకు తెలుగు మీడియం. తెల్ల కాగితాల లాంగ్ నోట్‌బుక్ తీసుకుని వంద జవాబులూ తెలుగు అక్షరాల్లో రాసుకుంది. కాన్‌స్టిట్యూషన్, లెజిస్లేచర్, డిక్లరేషన్ ఆఫ్ ఇండిపెండెన్స్. రెండు వారాల్లో నోటికొచ్చేశాయి. లలితా సహస్రనామం కంఠతా వచ్చినావిడకి వంద జవాబులు ఒక లెక్కా! సమస్య ఎక్కడంటే, జవాబు తెలుసు గానీ ప్రశ్న అర్థం కాదు. వరస మారిస్తే తడబాటు.

అక్కడ రంగంలోకి దిగింది పెదనాన్న. ఆయన జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యారు. మా ఇంట్లో విచిత్రం చూడండి. పరీక్ష రాసే పెద్దమ్మకి ఇంగ్లీషూ సివిక్సూ రెండూ కొత్త. రెండూ కొట్టినపిండి అయిన పెదనాన్న పరీక్షే వద్దన్నారు. 'ఇంకో దేశానికి విధేయత వదులుకుంటున్నా అని చెయ్యెత్తి చెప్పడం నా వల్ల కాదు' అని అప్లికేషన్ వేసేటప్పుడే తేల్చేశారు. అయినా పాఠం మాత్రం చెప్పారు. సెనేట్ అంటే మన రాజ్యసభ లాంటిది, కానీ ఇక్కడ పెద్ద రాష్ట్రమైనా చిన్న రాష్ట్రమైనా ఇద్దరే, అందుకే వంద. హౌస్ అంటే లోక్‌సభ అనుకో, 435 మంది, జనాభాని బట్టి. సుప్రీం కోర్టులో తొమ్మిది మంది. వాళ్ల రాజ్యాంగానికి 27 సవరణలే, మనది 1950లో మొదలై ఎప్పుడో వంద దాటింది. ఇలా చెప్పాక పెద్దమ్మ ప్రశ్న ఎటు తిప్పి అడిగినా దొరకలేదు. మిసిసిపి, మిస్సోరీ కూడా కృష్ణా గోదావరి పక్కన పెట్టి గుర్తుంచుకుంది.

కొన్ని చోట్ల మాత్రం మన బుర్ర మనల్ని ఆడుకుంటుంది. 'అమెరికన్ ఇండియన్ తెగల్లో ఒకటి చెప్పండి' అని ప్రశ్న. పెద్దమ్మ సీరియస్‌గా "అమెరికాలో ఉన్న ఇండియన్లంటే మనమేగా, కులం చెప్పాలా?" అంది. పెదనాన్న కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. నవ్వాపుకోవాలంటే ఆయన అదే చేస్తారు. నవాహో, చెరొకీ అని రాయించాను. గవర్నర్ పేరైతే మధ్యలో మారింది. న్యూజెర్సీలో నవంబర్‌లో ఎన్నిక అయింది, జనవరిలో ఫిల్ మర్ఫీ పోయి మికీ షెరిల్ వచ్చారు. నోట్‌బుక్‌లో కొట్టేసి కొత్త పేరు రాస్తూ "పరీక్ష దగ్గర పెట్టుకుని ఇప్పుడు మార్చాలా?" అని విసుక్కుంది. ఇలాంటి జవాబులు ఇంటర్వ్యూ రోజున ఎవరు పదవిలో ఉంటే వాళ్లవే చెప్పాలి.

కానీ ఫ్రెండ్స్, అసలు కష్టం ఆ వంద ప్రశ్నలది కాదు. ఇంటర్వ్యూలో ఆఫీసర్ మన ఎన్-400 ముందేసుకుని అందులో మనం ఇచ్చిన జవాబుల్ని మళ్లీ నోటితో అడుగుతారు. ఆ సంభాషణే ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష. అందులో కొన్ని ప్రశ్నలు పెద్దమ్మకి తెలుగులో వివరించడం నా వల్ల కాలేదు, అక్కని పిలవాల్సొచ్చింది. ఎప్పుడైనా వ్యభిచారం చేశారా, ఒకేసారి ఇద్దర్ని పెళ్లి చేసుకున్నారా, ఎవర్నైనా హింసించారా, నరమేధంలో పాల్గొన్నారా? "రామ రామ, వీళ్లు ఇవన్నీ ఆడకూతుళ్లని ఎట్టా అడుగుతార్రా?" అందర్నీ అడుగుతారు పెద్దమ్మా, లిస్టు అది.

అక్రమంగా జూదం ఆడారా అన్న ప్రశ్న దగ్గర ఆవిడ కాసేపు ఆగింది. "సంక్రాంతికి భీమవరంలో మీ పెదనాన్న పక్కన నిలబడి కోడి పందెం చూశాను. డబ్బులు నేను కాయలేదు." చూడ్డం ఆడటం కాదని సర్దిచెప్పాం. పెదనాన్న ఎందుకో అప్పుడే నీళ్ల కోసం లేచారు.

కమ్యూనిస్టు పార్టీ ప్రశ్న దగ్గర మాత్రం నవ్వు రాలేదు. ప్రపంచంలో ఎక్కడైనా కమ్యూనిస్టు పార్టీలో మీరు సభ్యులుగా ఉన్నారా, సంబంధం ఉందా అని అడుగుతారు. మా తాత, అంటే పెద్దమ్మకీ మా అమ్మకీ నాన్న, జీవితాంతం ఎర్రజెండా మనిషి. పెద్దమ్మకి ఒకటే భయం, నాన్న సంగతి చెప్పకపోతే అబద్ధం అవుతుందా, చెప్తే కార్డు పోతుందా అని. ప్రశ్న 'మీరు' అనే అడుగుతోంది, కుటుంబం గురించి కాదు. పెద్దమ్మ ఎప్పుడూ ఏ పార్టీలోనూ లేదు, జవాబు 'నో'. కానీ ఖమ్మం, నల్గొండ, కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లలో సొంతంగా సభ్యత్వం ఉన్నవాళ్లూ ఉంటారు. అప్లై చేసే ముందు పదేళ్లలో ఉన్న సభ్యత్వం సిటిజన్‌షిప్‌కే అడ్డు కావచ్చు. అలాంటివాళ్లు ఫారం నింపేముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవాలి, వాట్సాప్ గ్రూపుని కాదు.

నన్ను అన్నిటికంటే భయపెట్టిన ప్రశ్న ఓటుది. పెద్దమ్మ 1985లో, 21 నిండాక, మొదటి ఓటేసింది. 1983లో ఎన్టీఆర్ గెలిచినప్పుడు వయసు చాల్లేదని ఇప్పటికీ బాధ. అప్పటి నుంచి ఒక్క ఎన్నికా వదల్లేదు, 2024 మేలో కూడా టికెట్ ఆ తేదీ చూసుకునే బుక్ చేయించుకుంది. ఎన్-400లో ఒక ప్రశ్న ఉంది: అమెరికాలో జరిగిన ఏ ఎన్నికల్లోనైనా మీరు ఓటు వేశారా, ఓటరుగా నమోదయ్యారా? సిటిజన్ కానివాళ్లు ఇక్కడి ఎన్నికల్లో ఓటేయడం నేరం. అప్లికేషన్ మొత్తం అక్కడే కూలిపోతుంది. నేను ఆఫీసర్‌లా నటిస్తూ ఆ ప్రశ్న గబగబా చదివాను. పెద్దమ్మకి 'ఓట్' అన్న మాటొక్కటే వినిపించింది. ఛాతీ ముందుకు పెట్టి "యెస్! ఎవ్రీ టైమ్!" అంది.

ఆ రోజు నుంచి ట్యూషన్ పద్ధతే మార్చేశాను. బట్టీ ఆపేశాం. ఒకటే డ్రిల్లు: ప్రశ్న చివరి మాట దాకా వినాలి, అర్థం కాకపోతే "ప్లీజ్ రిపీట్" అనాలి. ఇది అస్సలు కుదర్లేదు. ఎందుకంటే ఆవిడ జీవితంలో ఆఫీసర్‌ని 'మళ్లీ చెప్పండి' అని అడిగింది లేదు. ఎమ్మార్వో ఆఫీసులో, బ్యాంకులో, కరెంటాఫీసులో, టేబుల్ అవతల మనిషి ఏమన్నా తల ఊపి బయటికొచ్చి పక్కవాళ్లని అడిగి తెలుసుకోవడమే అలవాటు. మళ్లీ అడిగితే ఆయనకి కోపం వస్తుంది, పని ఆగిపోతుంది. పైగా మన తల ఊపు ఒకటి, అడ్డంగా నిలువుగా కలిపి ఊపుతాం కదా, అది చూస్తే ఇక్కడివాళ్లకి అవునో కాదో తెలీదు. ఇక్కడేమో ఆఫీసర్‌కి కావల్సింది మీకు అర్థమైందా లేదా అన్నదే. అడిగితే ప్రశ్న మళ్లీ చెప్తారు, వేరే మాటల్లో చెప్తారు. అడక్కుండా తల ఊపితేనే ఇబ్బంది. నేనైతే ఇది ఇంగ్లీషు సమస్యే కాదంటాను. టెన్త్ ఇంగ్లీషు దానికి చాలు. చాలనిది ధైర్యం. నలభై ఏళ్ల ఆఫీసుల భయం మూడు నెలల శనివారాల్లో పోవాలి.

చివరికి మనవరాలు ఉపాయం కనిపెట్టింది. తొమ్మిదేళ్ల పిల్ల, నా కోటు వేసుకుని టేబుల్ అవతల కూర్చుని ఆఫీసర్ అయింది. మనవరాలిని మళ్లీ అడగడానికి అమ్మమ్మకి భయమేముంటుంది? "ప్లీజ్ రిపీట్", "ప్లీజ్ స్లోలీ", "ఐ డోంట్ అండర్‌స్టాండ్ దిస్ వర్డ్" మూడూ అలా వచ్చేశాయి. పుట్టినరోజు అడిగితే ఇక్కడి పద్ధతిలో నెల ముందు, తేదీ తర్వాత చెప్పడం కూడా ఆ పిల్లే నేర్పింది.

ప్రమాణం గురించి కూడా చెప్పాలి. చట్టం కోరితే దేశం కోసం ఆయుధం పడతారా అని అడుగుతారు. "మోకాళ్ల నొప్పులతో తుపాకీ ఎట్టా పట్టుకునేది?" అన్న పెద్దమ్మ, వేరే దేశాల విధేయత పూర్తిగా వదులుకుంటున్నట్టు ఉన్న వాక్యం దగ్గరికి రాగానే పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేనూ వెనకే వెళ్లలేదు. కాసేపటికి అక్కణ్ణించే అడిగింది, "మరి నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన ముప్పావెకరం పోతుందా?" పోదు. ఇండియాలో ఉన్నప్పుడు వచ్చింది కాబట్టి అది ఆవిడదే. కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి మాత్రం ఓసీఐ వాళ్లకి వీల్లేదు. ఓటు పోతుంది. ఇండియా రాజ్యాంగం, 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం కావాలని వేరే దేశ పౌరసత్వం తీసుకున్న రోజే మన పౌరసత్వం పోతుంది, రెండూ ఉంచుకోవడం కుదరదు. ఓసీఐలో 'సిటిజన్' అన్న మాట ఉన్నా అది పౌరసత్వం కాదు, జీవితకాలం వీసా లాంటిది. ఇది అప్లై చేశాక కాదు, చేసే ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. మా ఇంట్లో మాట్లాడుకున్నారు కాబట్టే ఒకరు వేశారు, ఒకరు వెయ్యలేదు.

'ఎందుకు సిటిజన్ అవ్వాలనుకుంటున్నారు' అని కూడా ఒక్కోసారి అడుగుతారట. తెనాలిలో ఎక్కువ రోజులు ఉండటానికి అని చెప్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అక్క "ఓటెయ్యడానికి అని చెప్పమ్మా" అంది. అబద్ధం చెప్పనంది పెద్దమ్మ, అక్కడ ప్రమాణం చేసి మాట్లాడాలి కదా. రెండు రోజులు ఆలోచించుకుని తనే ఫోన్ చేసింది. "అక్కడ ఓటు పోతుంది గదరా, మరి ఎక్కడో ఒకచోట వెయ్యాలిగా. అది నిజమేలే, అదే చెప్తా."

ఫిబ్రవరిలో నెవార్క్‌లో ఇంటర్వ్యూ. నేనే డ్రైవర్‌ని. లోపలికి మాలాంటివాళ్లని రానివ్వరు, ఆవిడొక్కతే వెళ్లింది, నోట్‌బుక్ నా చేతిలో పెట్టి. బయట కూర్చుని ఆ తెలుగు అక్షరాల ఇంగ్లీషు తిరగేశాను. ఆ వంద ప్రశ్నలూ నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. అడిగేవాళ్లే లేరు. నాది హెచ్‌1బి. ఏటా ఇచ్చే ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి, ఇండియా లైను సంగతి మీకు తెలుసు. ఆ లైను అయ్యాక ఇంకో ఐదేళ్లు. అప్పటికి సిలబస్ ఎన్నిసార్లు మారుతుందో!

నలభై నిమిషాలకి వచ్చింది. కారెక్కేదాకా నోరు విప్పలేదు. తర్వాత ఆగలేదు. ఆఫీసరమ్మ మన పద్మ వయసుంటుందిరా, మంచిగా మాట్లాడింది. చెయ్యెత్తి ప్రమాణం చేయించింది. టాబ్లెట్ మీద ఒక వాక్యం చదివించి, ఒకటి పుల్లతో రాయించింది. ఓటు ప్రశ్న వచ్చింది. "ఇన్ అమెరికా, నో. ఇన్ ఇండియా, ఎవ్రీ టైమ్" అన్నాను, ఆవిడ నవ్వింది. ఫెడరలిస్ట్ పేపర్స్ రాసినాయన పేరు రాలేదు, మిగతా ఆరూ చెప్పేశాను, అక్కడితో ఆపేసింది. ఎందుకు సిటిజన్ అవుతున్నావని అడగనే లేదు, అంత ఆలోచించి పెట్టుకున్నాను.

"ప్లీజ్ రిపీట్ ఎన్నిసార్లు అన్నావు?"

"నాలుగు. ఒకసారి అర్థమైనా అన్నాను, ఊరికే."

రిజల్ట్ కాగితం మీద పాసైనట్టు టిక్కు పెట్టి ఇచ్చారు. ఇంటికెళ్లాక పెదనాన్న ఆ కాగితం చేతిలోకి తీసుకుని పేరు స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో చూశారు. "ఫెడరలిస్ట్ పేపర్స్ హామిల్టన్ అని ఎన్నిసార్లు చెప్పాను" అన్నారు. అంతే. రాత్రి మాత్రం అడిగారు, ఇకనుంచి శంషాబాద్‌లో దిగినప్పుడు ఇద్దరికీ వేర్వేరు లైన్లా అని.

ప్రమాణం తేదీ ఇంకా రాలేదు. అదయ్యాక సర్టిఫికెట్, ఆ తర్వాత అమెరికా పాస్‌పోర్ట్, ఆపైన ఇండియా పాస్‌పోర్ట్ అప్పగించి ఆ కాగితం తీసుకోవడం, దాంతో ఓసీఐ. ఒకదాని తర్వాత ఒకటే, వరస తప్పించడానికి లేదు. పెద్దమ్మ క్యాలెండర్ ముందేసుకుని కూర్చుంది. మే నెలలో ఆవకాయ పెట్టే టైముకి అవుతుందా అని అడుగుతోంది. కష్టమే అన్నాను. "సరే, చెల్లెల్ని పెట్టి ఉంచమంటాలే. తినడానికి టైముంటుందిగా ఈసారి" అంది.